టెలివిజను – కుమ్మరి సారె

మట్టిముద్ద సారెమీద తిరుగుచుండగా చూచుటకై లక్షలాది జనులు వారమునకొక సాయంకాలము టెలివిజను ఎదుట కూర్చుందురని యిరువదియేండ్ల క్రిందట నెవరైన చెప్పియుండినచో మనము నవ్వి యూరకుండెడివారము. ఇంగ్లాండు దేశమున నట్లే జరిగినది. 2015 నవంబరులో బీబీసీ రెండవ ఛానలు ‘ది గ్రేట్ పాటరీ త్రో డౌన్’ అను పోటీ కార్యక్రమమును ప్రారంభించినది. అంతకుముందు రొట్టెలు, కేకులు కాల్చు పోటీ నొకదానిని నిర్మించి ఆ దేశపు వంటయిండ్లలో సందడి పుట్టించిన లవ్ ప్రొడక్షన్సు సంస్థయే దీనిని గూడ నిర్మించినది. పదిపన్నిద్దరు ఔత్సాహికులు, ఇద్దరు న్యాయనిర్ణేతలు, ఒక ఆవము, కావలసినంత మట్టి, సామగ్రి యింతియే. ఈ కార్యక్రమము మూలమున ఆ దేశీయులకు మట్టిపనిపై కలిగిన యభిమానమును గూర్చియు, ఆ యభిమానము సాధించినదానిని సాధింపలేకపోయినదానిని గూర్చియు నేడు కొంత విచారింపదలచితిమి. పరదేశపు ముచ్చట మనకేల యని చదువరు లనుకొనరాదు. మన గ్రామముల కుమ్మరివాడకును దీనికిని గల సంబంధము ముందు తెలియగలదు.

కార్యక్రమపు పద్ధతి మిక్కిలి సరళమైనది. పోటీకి వచ్చినవారు వృత్తిచే కుమ్మరులు కారు. ఒకరు ఉపాధ్యాయులు, ఒకరు గృహిణి, మఱియొకరు ఏదో కచేరీలో ఉద్యోగి, ఇట్టివారు. ప్రతివారమును వారికొక పెద్దపని నొప్పగింతురు. ఒకవారము భోజనపాత్రల వరుస, ఒకవారము తేనీటి కూజా, ఒకవారము చేతులు కడుగుకొను తొట్టి. మరుగుదొడ్డి పీటను సైతము చేయించిరి. ఆ పని యారుచున్న నడుమ సారెమీద చిన్న పందెములు నడచును. ఇంగ్లీషు కుమ్మరులు సారెమీద పాత్ర నెత్తుటను ‘త్రో’ అందురు. విసరుట యని సామాన్యార్థము గల మాట అది. మనవారు ‘సారె వేయుట’ యన్నట్లే ఇదియు నొక వృత్తిపదమేగాని, మట్టిని ఎవరిమీదనో విసరుకొందురని యనుకొనరాదు. పాత్రలు ఆవమెక్కి దిగిన పిమ్మట తీర్పు జరుగును. వారమున కొకరు పోటీనుండి తొలగుదురు. న్యాయనిర్ణేతలలో నొకరైన కీత్ బ్రైమర్ జోన్సు స్వయముగా కుమ్మరి. మంచిపాత్ర కంటబడినపుడు ఈయన కన్నీరు పెట్టుకొనును. ఆజానుబాహువైన యా మనుష్యుడు ఒక తేనీటి గిన్నెను చేతబట్టి గొంతు పెగలక నిలుచుట చూచి ఆ దేశమంతయు ముచ్చటపడినది. ఆవముకడ సహాయకుడుగా మొదటినుండి పనిచేసిన రిచ్ మిల్లరు 2021లో తానే న్యాయనిర్ణేత యయ్యెను. నిప్పు దగ్గర నిలిచినవాడు పీఠమెక్కుట మాకు మిక్కిలి నచ్చిన సంగతి.

టెలివిజనుకును మట్టికిని పరిచయము క్రొత్తది కాదు. 1953లో బీబీసీవారు రెండు కార్యక్రమముల నడుమ ఖాళీ యేర్పడినపుడు చూపుటకై ‘ది పాటర్సు వీల్’ అను చిన్న చిత్రమును తీసి యుంచుకొనిరి. అందు రెండుచేతులు, తిరుగుచున్న సారె, మట్టి, ఇంతియే కనబడును. పాత్ర లేచును, వంగును, మఱల కూలును, మఱల లేచును, ఎన్నటికిని పూర్తికాదు. ఆ చేతులు జార్జెసు ఆబెర్తెన్ అను కుమ్మరివి. ఆయన ముఖమును జనులు చూడలేదు. పేరును విన్నవారు నాడు బహు తక్కువ. తరువాతి కార్యక్రమము సిద్ధమగు వఱకు వినోదము కల్పించుటయే ఆ చేతుల పని. 1951లో ఆరంభమైన ‘వాట్సు మై లైన్?’ అను మఱియొక కార్యక్రమములో వచ్చినవారి వృత్తి యేమో పెద్దలు ప్రశ్నలడిగి కనిపెట్టవలసియుండెను. దానిలో అందరికిని జ్ఞాపకముండిపోయిన వృత్తి ‘సాగర్ మేకర్సు బాటం నాకర్’ అనునది. ఆవములో పాత్రలకు నిప్పు నేరుగా తగులకుండ వానిని మట్టిపెట్టెలలో పేర్చుదురు. ఆ పెట్టెకు సాగరని పేరు. పెట్టె యడుగునకు మట్టిని ఇనుపచట్రములో మోది పలకగా చేసి యిచ్చువాడు ఈ బాటం నాకర్. సాధారణముగా ఒక కుఱ్ఱవాడు. తరతరములు ఈ పనితో పొట్టబోసుకొన్నవారుండగా లండను నగరమున దానిపేరు విని నవ్విరి. అప్పటి టెలివిజనుకు కుమ్మరిపని ఒకప్పుడు కాలక్షేపము, మఱియొకప్పుడు హాస్యము.

2015లో వచ్చిన మార్పు ఇక్కడనే యున్నది. పనినే కథగా చేసిరి. మట్టిపనికిని టెలివిజనుకును పొత్తు కుదురుటకు కారణము వెదకిన కష్టము గాదు. నేతపని యందు దారము దారముగా బట్ట పెరుగుట చూపఱకు తెలియదు. కమ్మరికొలిమి కడ పొగయు మిరుమిట్లును. సారెమీద నన్ననో మట్టి మూడునిమిషములలో కుండ యగును. కన్ను మూసి తెఱచునంతలో గోడ పలుచనై చతికిలబడును. చేయి తప్పినచో తప్పు వెంటనే కనబడును. ఆపై ఆవము మూయబడును. లోపల నేమి జరుగుచున్నదో చేసినవానికి తెలియదు, న్యాయనిర్ణేతకును తెలియదు, చూచువానికిని తెలియదు. తలుపు తెఱచుసరికి ఒకటి బీటవారియుండును, ఒకదాని మెరుగుపూత కారి అడుగున గడ్డకట్టియుండును, ఒకటి మాత్రము చేసినవాడే నమ్మలేని రంగుతో వెలుగుచుండును. నాటకకర్త లెంత ప్రయాసపడియు కల్పింపలేని యుత్కంఠను ఆవము ఉచితముగా నిచ్చినది. మన కుమ్మరికి ప్రతి ఆవమునకు నీ గుండెదడ అనుభవమే. చూచినవారు మాత్రము లేరు.

దీని ఫలితము బ్రిటనులో స్పష్టముగా కనబడినది. ఊరూర మట్టిపని నేర్పు సాయంకాలపు తరగతులకు అభ్యర్థులు పెరిగిరి. కొన్నిచోట్ల పేరు వ్రాయించుకొని నెలలకొలది కాచుకొనవలసివచ్చెను. గదులను, సారెలను గంటల లెక్కన అద్దెకిచ్చు కుమ్మరశాలలు పట్టణములలో వెలసినవి. 2020, 2021 సంవత్సరములలో అంటువ్యాధిచే జనులు ఇండ్లలో చిక్కుపడినపుడు వంటబల్లమీదనే మట్టిపిసికినవా రెందఱో. బీబీసీ రెండు విడతలు ప్రసారము చేసి 2018లో ఈ కార్యక్రమమును మానుకొనగా, చూపఱు లూరకుండలేదు. 2020లో మోర్4, 2021 నుండి ఛానల్ 4 దానిని చేపట్టినవి. 2024లో కెనడా దేశీయులు తమకొక పోటీని కల్పించుకొనిరి. వ్రేళ్లతో ఫోను అద్దమును తడవుటయే దినచర్యయైన తరమునకు మట్టిలో మణికట్టుదాక చేతులు ముంచవలెనను కోరిక పుట్టినది. ఇది చిన్న సంగతి కాదు. దీనిని హేళన చేయువారితో మేమేకీభవింపజాలము.

చిత్రమేమనగా, ఈ యుత్సాహము వచ్చుటకు ముందటి పదేండ్లలో ఆ దేశపు ఉన్నత విద్యాలయములు మట్టిపని శాఖలను ఒకటొకటిగా మూసివేసినవి. హారో, కేంబర్వెల్, గ్లాస్గో వంటి ప్రసిద్ధ శాలలలో ఆ విద్య ప్రత్యేకశాఖగా నిలువలేకపోయినది. ఆవములకు స్థలము కావలెను, ఇంధనము కావలెను, విద్యార్థులు తక్కువ, ఖర్చు హెచ్చు. ఇట్టివి వారు చెప్పిన కారణములు. విద్యాలయములు విడిచినదానిని టెలివిజను ఎత్తుకొన్నదనవచ్చును. కాని టెలివిజను చూపగలదు, నేర్పజాలదు. ఒక్క కుమ్మరి చేయి తిరుగుటకు పట్టు సంవత్సరములు పదివారముల పోటీలో నిముడవు. ఈ కొఱత నెఱిగినవారు కొందఱు 2017లో స్టోక్ నగరమున క్లే కాలేజీ యను పేర నొక చిన్నశాలను స్థాపించి, రెండేండ్ల పాటు దినమంతయు పనిచేయించుచు కొద్దిమందిని తీర్చుచున్నారు. వేలకొలది సాయంకాలపు విద్యార్థులకంటె ఆ కొద్దిమందియే మా దృష్టిలో ముఖ్యులు.

ఇక కార్యక్రమము జరిగిన స్థలమును గూర్చి చెప్పవలెను. అసలు విషయము అక్కడనే యున్నది.

స్టోక్-ఆన్-ట్రెంటు స్టాఫర్డుషైరు మండలములోనిది. టన్‌స్టాల్, బర్స్‌లెం, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అను ఆరుపట్టణములు 1910లో ఒక్కటై యేర్పడినది. ఇంగ్లీషువారు ఆ ప్రాంతమునకు పెట్టిన పేరే ‘ది పాటరీస్’, మనభాషలో కుమ్మరివాడలు. అచ్చట భూమిలో బొగ్గున్నది, ముతకమట్టి యున్నది. తెల్లమట్టి మాత్రము దూరమున నుండు కార్న్‌వాల్, డెవన్ మండలములనుండి రావలెను. 1730లో బర్స్‌లెములో కుమ్మరి యింట బుట్టిన జోసయా వెడ్జ్‌వుడ్డు ఈ బరువును, పగిలిపోవు పాత్రలను గుఱ్ఱపుబండ్లపై నడిపించుట నష్టమని తెలిసికొని, కాలువ త్రవ్వింపుమని ఉద్యమించి, 1766లో తానే మొదటి గడ్డపెల్లను పెకలించెను. ట్రెంటు, మెర్సీ నదులను కలుపు ఆ కాలువ 1777లో పూర్తియైనది. ఆ దారిని పోయిన పాత్రలు ఓడలెక్కి ప్రపంచమంతయు వ్యాపించినవి. మన జమీందారుల యిండ్లలోను, వకీళ్ల మేడలలోను అద్దాల బీరువాలయందు తాతలనాటి నీలిపూల పళ్లెరము లున్నచో వానిని తిరగవేసి చూడుడు. స్టాఫర్డుషైరు ముద్ర యుండుట వింతగాదు. ఆ నగరవాసులకును ఇట్టి యలవాటే కలదట: ఏ హోటలులో భోజనమునకు కూర్చున్నను మొదట పళ్లెమును తిరగవేసి ఎవరు చేసినదో చూచి గాని వడ్డింపనియ్యరు. అట్టివారిని ‘టర్నోవర్ క్లబ్బు’ సభ్యులని వేడుకగా పిలుతురు. తమ చేతిపనిపై అంతటి అభిమానము గల ఊరది.

ఆ యూర ఒకప్పుడు రెండువేలకు పైగా సీసా ఆకారపు ఆవములు ఆకాశమునకు పొగ చిమ్మెడివి. ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమున అరువదివేలకు మించినవారు ఆ పరిశ్రమపై జీవించిరి. 1956 నాటి పరిశుభ్రవాయు శాసనముతో బొగ్గు ఆవములు ఆఱిపోజొచ్చినవి. అది ఊపిరితిత్తులకు మేలే చేసినది, దానిని తప్పుపట్టము. నేడు నిలిచియున్న ఆవములు ఏబదికి లోపు. పనివారు కొన్నివేలు మాత్రమే.

కార్యక్రమము మొదట జరిగిన మిడిల్‌పోర్టు కుండలశాల బర్స్‌లెములో కాలువయొడ్డున విక్టోరియా రాణి కాలమున నిర్మింపబడినది. అది శిథిలమై మూతపడు దశలో నుండగా 2011లో వేల్సు యువరాజు పోషణములోని పునరుద్ధరణ ధర్మసంస్థ యొకటి దానిని కొని, బాగుచేసి, 2014లో తెఱచినది. నీలిచిత్రములను పలుచని కాగితముపై ముద్రించి పాత్రకు చేతితో నంటించు పాతపద్ధతి యక్కడ నేటికిని నిలిచియున్నది. ఇచ్చట నొకమాట గుర్తింపవలెను. ధర్మసంస్థ ధనమిచ్చి గోడల నిలిపినది, పనివారికి పని నిలిపినది. టెలివిజను వచ్చినది ఆ తరువాత 2015లో. కెమెరా వచ్చుట వలన శాల బ్రతికినదని చెప్పుట వరుస తలక్రిందు చేయుట యగును. 2021 నుండి కార్యక్రమము లాంగ్టనులోని గ్లాడ్‌స్టన్ పాటరీ మ్యూజియమునకు మారినది. పేరే చెప్పుచున్నది, అది మ్యూజియము. అక్కడి పాత ఆవముల నీడలో ఔత్సాహికులు విద్యుచ్ఛక్తిచే తిరుగు సారెలమీద పోటీపడుదురు. 1978లో ఆ మ్యూజియమువారు పూనుకొని, సమీపమునందలి యొక శాలలో బొగ్గు ఆవమును కడపటిసారి వెలిగించిరి. నిప్పు రంగునుబట్టి వేడి తెలియగల వృద్ధులు ఇంకను జీవించియుండగనే ఆ పని జరుగవలెనని వారి తొందర.

ఇప్పుడు మఱియొక ప్రక్క చూడుడు. వెడ్జ్‌వుడ్డు సంస్థ 2009 జనవరిలో దివాలా తీసి యన్యుల చేతికి పోయినది. 1800 నుండి హోటళ్లకు పాత్రలుచేసిన డడ్సన్ సంస్థ 2019లో మూతపడినది. జాన్సన్ టైల్సు 2024లో ఆ నగరమున పెంకుల తయారి నిలిపివేసినది. 2025 ఫిబ్రవరిలో రాయల్ స్టాఫర్డు కూలినది. ఇది మిడిల్‌పోర్టు ఉన్న బర్స్‌లెములోనిదే. అదే సంవత్సరము వసంతమున, 1913లో కోబ్రిడ్జియందు శాల నిర్మించి చేతిచిత్రణకు ప్రసిద్ధిగన్న మూర్‌క్రాఫ్టు తలుపులు మూసికొని, ఏబదిమందికి పైగా పనివారిని పంపివేసినది. కొలదికాలమునకు వ్యవస్థాపకుని మనుమడు దానిని కొని మఱల నిలుపబూనెను. ఆయన సంకల్పము నెఱవేరుగాక. కారణములు అందఱెఱిగినవే. 2022 నుండి వాయుఇంధనపు ధర మితిమీరినది. ఆవము చల్లారనిచ్చి పనిచేయుట సాధ్యముగాదు. చౌకపాత్రలు సముద్రము దాటి వచ్చుచున్నవి. ప్రభుత్వము ఇతర మహాపరిశ్రమలకు విద్యుత్తు ధరలలో చూపిన వెసులుబాటు పింగాణిశాలలలో అధికభాగమునకు అందలేదని యజమానులును, పనివారి సంఘమును ఒక్కగొంతుతో మొఱపెట్టిరి. ‘కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు’ అని మన సామెత. ఇచ్చట రెండువందల యేండ్లు కుమ్మరివి.

మట్టిపనిపై ఆ దేశమున ఎన్నడును లేని ప్రేమ పుట్టిన పదేండ్లలోనే, ఆ ప్రేమను చిత్రించుటకు ఎన్నుకొన్న నగరమందే, ఇన్ని శాలలు మూతపడినవి. టెలివిజను వలన ఇట్లైనదని మే మనుట లేదు, అట్లనుట యన్యాయము. టెలివిజను దీనిని ఆపజాలకపోయినదని మాత్రము చెప్పుచున్నాము. కారణ మాలోచింపదగినది. కార్యక్రమము చూచినవానికి కలిగిన కోరిక ‘నేనుకూడ చేసెదను’ అనునది. ‘నేను కొనెదను’ అనునది గాదు. వాడు సాయంకాలపు తరగతికి రుసుము చెల్లించును, ముద్దమట్టి కొనును, ముంగాళ్లవఱకు వచ్చు పైవస్త్రమొకటి కొనును, ఆఱుమాసములకు ఒక వంకరగిన్నె చేసి స్నేహితున కిచ్చును. స్నేహితుడు సంతోషించును. ఆ రాత్రి యిద్దఱును భుజించునది అంగడిలో కారుచౌకగా దొరకిన ఏ దేశపుదో యెఱుగని పళ్లెములోనే. తెఱమీద ఒక గిన్నెకు పదినిమిషములు కన్నార్పక చూచినవాడు దుకాణములో రెండుగిన్నెల ధరలను పోల్చుటకు పదిక్షణములు చాలుననుకొనును. పనియం దభిమానము వేఱు, పనివానియం దభిమానము వేఱు. మొదటిదానివలన రెండవది కలుగకపోదు గాని తనంతట తాను కలుగదు.

ఇందుకు మాఱుమాట యొకటి గలదు, దానిని త్రోసివేయము. తరగతులు నేర్పు కుమ్మరులకు ఆదాయము కలిగినది. తాను చేసి చూచినవాడే చేతిపాత్ర ధర ఎక్కువ గాదని యొప్పుకొనును. ఒక్కొక్కడుగా నేర్పు నిలుపుకొని బ్రతుకు కుమ్మరికి ఇది మేలే. కాని అచ్చు పోయువాడు, అంచులు నునుపు చేయువాడు, చిత్రమంటించు స్త్రీ, ఆవమునింపువాడు, వీరందఱును కలిసి చేయవలసిన పెద్దపనికి తరగతులవలన చేకూరున దేమియు లేదు. ఆ దేశమున అంతరించు ప్రమాదములో నున్న చేతిపనుల పట్టికలో కర్మాగారపు మట్టిపని మెలకువలు సైతము చేరినవి.

మన సంగతి. బ్రిటనులో చేతిసారెకు గౌరవము నిలిపిన పెద్ద బెర్నార్డు లీచ్. 1920లో జపానునుండి హమాదా షోజీ యను మిత్రునితో వచ్చి సెయింట్ ఐవ్సులో శాల పెట్టెను. ఇంచుమించు ఆ రోజులలోనే జపానులో ఆ మిత్రబృందముతో పరిచయము కలిగించుకొని మనదేశమునకు తిరిగివచ్చిన సర్దార్ గురుచరణ్ సింగ్ 1952లో ఢిల్లీయందు నీలిపింగాణిశాల స్థాపించెను. 1971లో పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జి శాల వెలసినది. నేడు హైదరాబాదు మొదలుగా మన నగరములలో వారాంతపు మట్టిపని తరగతులు, విద్యుత్సారెలు, పాశ్చాత్య కార్యక్రమములను ఫోనులో చూచి వచ్చు యువతీయువకులు కనబడుచున్నారు. వీరి యుత్సాహము శ్లాఘనీయము. వీరిలో ఎందఱు తమ తాతగారి యూరి కుమ్మరిపేరు చెప్పగలరు? ఆయన సారె తిరుగుచున్నదో లేదో ఎందఱెఱుగుదురు? ఇంగ్లాండున ఔత్సాహికుడును, పనివాడును ఒకే నగరమున నుండియు కలియలేకపోయిరి. మనకు వారి నడుమ నగరమునకు పల్లెకు నున్నంత దూరము, దానికి తోడు కులపు గోడ. మొల్లను కుమ్మరి మొల్ల యని సగర్వముగా చెప్పుకొను తెలుగుజాతి తన పెరటిలోని కుమ్మరిని పలుకరించి ఎన్నాళ్లైనదో!

మన పల్లెలలో కుమ్మరికి కళ్లమువద్ద మేర యుండెడిది. ధాన్యము కొలిచినపుడు ఆయన పాలు ఆయనకు ముట్టెడిది. బదులుగా రైతుయింటికి ఏడాది పొడుగున కడవలు, చట్లు, మూకుళ్లు, గాబులు వచ్చెడివి. సత్తుగిన్నె వచ్చినది, స్టీలుబిందె వచ్చినది, ప్లాస్టికు వచ్చినది, మంచుపెట్టె వచ్చినది. మేర పోయినది. ఇందు ఎవరిని నిందింపగలము? స్టీలుబిందె పగులదు, నూతినుండి నీరుమోయు స్త్రీకి అది వరమే. కాని పెండ్లికి అరివేణి కుండలు, తెలంగాణమున ఐరేని కుండలు, నేటికిని కావలసియే యున్నవి. దీపావళికి ప్రమిదలు కావలెను. వేసవిలో కూజా కావలెను. చవితికి మట్టిప్రతిమ కావలెను; 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహములు కూడదని మార్గదర్శకములు వెలువరించినది. పట్టణపు హోటళ్లలో కుండబిరియాని యిప్పుడొక వేడుక. అనగా గిరాకి బొత్తిగా చచ్చినది కాదు. పెండ్లిమండపమునకు లక్షలు కుమ్మరించు గృహస్థుడు అరివేణి కుండల కడ ఏబది రూపాయలకు బేరమాడుట మేము కన్నులార చూచినాము. కుండ ధరను తగ్గించిన పిమ్మట దానికి పసుపురాసి పూజించిరి.

2004లో నాటి రైల్వేమంత్రి లాలూప్రసాద్ యాదవ్ స్టేషనులలో మట్టిపిడతలలోనే తేనీరు పోయింపబూనెను. ఆ యుత్సాహము నిలువలేదు. 2020లో అదేమాట మఱల వినబడినది. 2018లో ఖాదీ గ్రామోద్యోగ సంఘమువారు కుమ్మరులకు విద్యుత్సారెలు పంచు పథకము నారంభించిరి. చేతితో కఱ్ఱపెట్టి సారె త్రిప్పి నడుము విఱుగకొట్టుకొను ముదుసలికి ఇది మేలైన సాయము. కాని సారె యెంత వేగముగా తిరిగినను దానిమీద పెట్టుటకు మట్టి కావలెను. మట్టి చెరువులో నున్నది.

ఈ చెరువు మట్టి విషయమే మా భూస్వాములైన చదువరులతో ముఖ్యముగా ప్రస్తావింపదలచినది. ఇంగ్లాండున ఆ కార్యక్రమ మారంభమైన 2015లోనే తెలంగాణమున మిషన్ కాకతీయ ప్రారంభమై చెరువులలో ఒండ్రు తీయుట మొదలైనది. ట్రాక్టరులు వరుసలు కట్టినవి. ఒండ్రు పొలములకు చేరినది, పైరుకు బలమిచ్చినది; మంచిపని. ఆ బండ్లలో ఎన్ని కుమ్మరివాడ వైపు తిరిగినవో ఆయా గ్రామముల పెద్దలే చెప్పవలెను. కుండకు పనికివచ్చు జిగటమట్టి చెరువులో అన్నిచోట్ల ఉండదు. ఎక్కడ నున్నదో కుమ్మరి యొక్కడే యెఱుగును. ఆ పొరను పొక్లెయిను ఒక్కపూటలో ఎత్తిపోసినచో ఆయన మఱియొక యూరి చెరువునకు బండికట్టుకొని, అద్దెయిచ్చి, అక్కడివారి యనుమతి యడుగుకొని పోవలసినదే. గట్టున ఇండ్లస్థలములు వెలసినచోట ఆ దారియు మూతపడినది.

రాబోవు వేసవిలో మీ చెరువున ఒండ్రు తీయబోవునపుడు, యంత్రము దిగుటకు ముందు కుమ్మరిని గట్టుమీదికి పిలిపింపుడు. ఆయన చూపిన జాగాకు నాలుగు గూటములు పాతింపుడు. అందలి మట్టికి పంచాయతీ రుసుము లేదని తీర్మానము వ్రాయింపుడు. మొదటి రెండుబండ్లు ఆయన వాకిట దింపిన పిమ్మట తక్కినవి మీ పొలములకు తోలించుకొనుడు. సెలవులకు పట్టణమునుండి వచ్చిన మీ మనుమరాలు ఫోనులో ఆ ఇంగ్లీషు కార్యక్రమము చూచుచు మట్టిపని నేర్చుకొందునని మారాము చేసినచో, ఆ వాకిటికే పంపుడు. నేర్పినందుకు పట్టణపు తరగతికి చెల్లించు రుసుమునే ఆయన కిప్పింపుడు.